అట్టముక్కతోని గేమ్ కంట్రోలర్ ఇంట్లనే చేసుకునుడు

నల్లగొండ ఎండలకు సెలవుల్ల పిల్లలు ఇంట్లనే ఉంటరు గదా, ఉత్తగ గేమ్ ఆడుడు కాదు కంట్రోలర్ గూడ వాళ్లతోనే చేపియ్యుర్రి, మస్తు నేర్చుకుంటరు. మైక్రోబిట్ బోర్డు (కోడ్ రాసి నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు), మూడు క్లిప్పు వైర్లు, చెప్పుల డబ్బ అట్ట, చపాతీలు చుట్టే ఫాయిల్ సాలు.

అట్ట మీద రెండు ఫాయిల్ ముక్కలు అతికియ్యుర్రి, గమ్ కిందనే రాయాలె, పైన అంటితే కరెంటు పోదు. అంచుకు ఫాయిల్ మడిచి అక్కడ క్లిప్పు పెడితే ఊడది. ఆ వైర్ల రెండో కొస బోర్డు అంచున్న పిన్నులకు పెట్టాలె, ఒకటి 0 పిన్నుకు, ఇంకోటి 1 పిన్నుకు. మూడో వైరు జీఎన్‌డీ (గ్రౌండ్) అని రాసున్న పిన్ను నుంచి తెచ్చి వేలుకు ఫాయిల్ ఉంగరం చేసి దానికి పెట్టుర్రి, ఉంగరం ముక్కకు తాకితే సర్క్యూట్ కలుస్తది, గదే బటన్.

ఇగ కోడింగ్ స్క్రాచ్‌ల, అంటే బ్లాకులు జోడిచ్చి పిల్లలు కోడ్ రాసే ప్రోగ్రామ్‌ల. కంప్యూటర్‌ల బ్లూటూత్ ఉండాలె, బోర్డును స్క్రాచ్‌తోని కలిపే స్క్రాచ్ లింక్ అనే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసి, బోర్డుల స్క్రాచ్ హెక్స్ ఫైల్ (బోర్డు నడిచే ప్రోగ్రామ్ ఫైల్) వేసి, స్క్రాచ్‌ల మైక్రోబిట్ ఎక్స్‌టెన్షన్ (అదనపు బ్లాకులు) కలపాలె. పిన్ 0 కనెక్ట్ అయినప్పుడు అనే బ్లాక్ కింద ఎక్స్‌ను (బొమ్మ అడ్డంగ ఏడ ఉన్నదో చెప్పే అంకెను) 10 పెంచే బ్లాక్, పిన్ 1కి మైనస్ 10, బొమ్మ అటుఇటు ఉరుకుతది.

పవర్‌కు రెండు ట్రిపుల్ ఏ బ్యాటరీలు సాలు, గోడ ప్లగ్గుల వైర్లు మాత్రం అస్సలు పెట్టనియ్యకుర్రి. రెండు బటన్లు ఒక్కసారే పనిచేస్తుంటే ఫాయిల్ ముక్కలు ఏడనో తాకుతున్నట్టు, నడుమ వేలెడు జాగ ఇడువుర్రి.