ఆఫీసు కంప్యూటర్ల అప్‌గ్రేడ్ – 4వ పాఠం: నల్ల తెర సంగతి

పోయిన పాఠం చివర్లో, విండోస్ 10 నుంచి 11కి మారేందుకని ఒక్క ముక్క రాశాను, "బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేసి చూడండి" అని. (బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల తెర; సెక్యూర్ బూట్ అంటే నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టం లేవనిచ్చే కాపలా.) తప్పు నాదే. దానికి ముందు చెప్పాల్సినవి మింగేశాను. ఇక కావలి నుంచి చీమకుర్తి దాకా ఒకటే ఫోన్లు. "అబ్బయా, పొద్దున దాకా బాగానే ఉండింది గదా" అని ఒక మిల్లు గుమాస్తా గారు నన్ను నిలదీశారు. అందరిదీ ఒకటే కథ: నల్ల తెర, దాని మీద "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్". ఈసారి సర్వర్లు మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఇది తేలాలి.

టెన్షన్ వద్దు, డేటా ఎక్కడికీ పోలేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆఫ్ చేసి, సీఎస్ఎం (పాత పద్ధతిలో బూట్ చేయించే సెట్టింగ్) ఆన్ చేసి, అంతకుముందు ఎలా ఉందో అలా పెట్టండి. విండోస్ లేస్తుంది, టాలీ కూడా తెరుచుకుంటుంది. కంగారులో పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొట్టినవాళ్లు ఇద్దరున్నారు. వాళ్లతో విడిగా మాట్లాడాను.

జరిగింది ఇదీ. మీ పాత డిస్కు ఎంబీఆర్ (డిస్కు ముక్కల పట్టిక రాసే పాత తీరు) పద్ధతిలో ఉంది. విండోస్ 11కి యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) బూట్ కావాలి, దానికి డిస్కు జీపీటీలో (ఆ పట్టిక రాసే కొత్త తీరు) ఉండాలి. ముందు డిస్కుని జీపీటీకి మార్చాలి, ఆ తర్వాతే బయోస్. మనం తిరగేసి చేశాం. మీది ఏ పద్ధతో తెలియాలంటే రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 కొట్టి, 'బయోస్ మోడ్' వరస చూడండి. లెగసీ అని ఉంటే ఈ పాఠం మీకే. ప్రాసెసర్, టీపీఎం (సెక్యూరిటీ చిప్) సంగతులు రెండో పాఠంలోనే అయిపోయాయి, మళ్లీ చెప్పను.

డిస్కు మార్చే పనిముట్టు విండోస్ 10లోనే ఉంది: ఎంబీఆర్2జీపీటీ. అడ్మిన్ కమాండ్ విండోలో ముందు 'వాలిడేట్' ఆప్షన్‌తో నడపండి, 'అలౌ ఫుల్ ఓఎస్' కూడా జోడించాలి. అది సరేనంటేనే 'కన్వర్ట్'.

చాలామందికి అది సరే అనదు. నాకు చిరాకు తెప్పించేది ఇక్కడే. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టం కొంటే, డిస్కుని సీ, డీ, ఈ, ఎఫ్ అని నాలుగు ముక్కలు కోసి ఇవ్వడం రివాజు. ఎందుకని అడిగితే "సేఫ్టీకి సార్" అంటారు. డిస్కు పోతే నాలుగూ ఒకేసారి పోతాయి, ఇంక సేఫ్టీ ఎక్కడిది? పైగా వాటిలో డీ, ఈ, ఎఫ్‌లు సాధారణంగా లాజికల్ పార్టిషన్లు, అంటే ఒక పెద్ద పార్టిషన్ లోపల మళ్లీ కోసిన చిన్న ముక్కలు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సీ పైన ముదురు నీలం పట్టీ, మిగతావాటి పైన లేత నీలం పట్టీ, వాటి చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తే అవే. డిస్కు మీద ఒక్క లాజికల్ పార్టిషన్ ఉన్నా ఎంబీఆర్2జీపీటీ ముందుకు కదలదు. అందులో సరుకంతా బయటి డిస్కులోకి కాపీ చేసి, ఫైళ్లు తెరిచి చూసుకుని, అప్పుడే ఆ ముక్కలు తీసేసి మళ్లీ వాలిడేట్ చేయండి. డీలో ఉన్న బ్యాకప్‌ని బ్యాకప్ అనకండి.

నేనైతే ఇదేమీ చేయను. కొత్త ఎస్ఎస్‌డీ వేసి, దాని మీద విండోస్ 11 శుభ్రంగా ఎక్కించి, పాత డిస్కు కవర్లో పెట్టి తేదీ రాసి బీరువాలో పడేస్తాను. ఖర్చుకి ఓనర్ మూతి ముడుస్తాడు, పోనీ.

బిట్‌లాకర్ (డిస్కుకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే బయోస్ ముట్టుకునే ముందు సస్పెండ్ చేయండి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద ఉంచుకోండి.

ఇక ప్లాను. నెలనెలా రిటర్న్ వేసే ఆఫీసుల్లో 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి. అందుకే నేను 21 తర్వాత వచ్చే శనివారం సాయంత్రం మొదలుపెడతాను. ముందు ఎవరికీ అంతగా అవసరం లేని సిస్టం, అకౌంటెంట్‌ది చివర. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఆ మొదటి సిస్టంలోనే పెట్టి చూస్తాను.

వేబ్రిడ్జ్ (లారీల కాటా) దగ్గరి కంప్యూటర్ జాబితాలో ఉంటే కొట్టేయండి. నెల్లూరు దగ్గర ఒక మిల్లులో చూశాను: సీపీయూ మీద తువ్వాలు, దాని మీద వేలి మందం తవుడు, ఇన్సులేషన్ టేపు చుట్టిన తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్. లోపల 32 బిట్ విండోస్ 10. విండోస్ 11లో 32 బిట్ లేనే లేదు. నెట్ కేబుల్ పీకేసి, దాని పని దాన్ని చేసుకోనిచ్చాను. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిందని మాత్రం ఓనర్‌కి రాతపూర్వకంగా ఇచ్చాను.

సర్వర్లు వచ్చేసారి. మీది సర్వర్ 2016 అయితే గడువు 2027 జనవరి 12, అది రాసిపెట్టుకోండి. డొమైన్ కంట్రోలర్ (ఆఫీసు లాగిన్‌లన్నీ చూసుకునే సర్వర్) మీదే అప్‌గ్రేడ్ నడపొద్దు, పక్కన కొత్తది నిలబెట్టే పద్ధతి చెబుతాను.

అభ్యాసం: ఒక సిస్టం మొత్తానికి ఇమేజ్ (డిస్కుకి పూర్తి నకలు) తీయండి. దాని డిస్కు ఊడదీసి, వేరే డిస్కు బిగించి, ఇమేజ్ దాని మీదకి దించి, బూట్ చేసి, టాలీలో ఒక బిల్లు ప్రింట్ తీయండి. స్క్రూడ్రైవర్ పట్టుకున్న దగ్గర్నుంచి బిల్లు చేతికొచ్చేదాకా ఎన్ని నిమిషాలైందో ఆ బిల్లు వెనకే రాయండి. పాఠం 5 ఆ అంకెతోనే మొదలవుతుంది.