పల్లెకు నైట్‌హాల్ట్ బస్సు: ఎలా అడగాలి, ఎలా నిలబెట్టుకోవాలి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. జూన్, జూలైలో విత్తిన వేరుశనగ అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటికొచ్చాక చాలా పల్లెల్లో చేయడానికి పని ఉండదు. ఆ తర్వాత బెంగళూరు దారి పట్టాల్సిందే. అలాగని పనంతా బెంగళూరులోనే లేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు, ధర్మవరంలో పట్టుచీరల మగ్గాలు, హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్నాయి. పెనుకొండ దగ్గర 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా, దాని చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు ఉన్నాయి. చాలా ఊళ్లకు వీటిలో ఏదో ఒకటి రోజూ పోయి రాగలిగినంత దూరంలోనే ఉంది. పొద్దున పోవడానికి ఏదో ఒక ఆటో దొరుకుతుంది. చీకటి పడ్డాక ఊరికి తిరిగి రావడానికే ఏమీ దొరకదు. రాత్రి వచ్చే బస్సు లేకపోతే పగటి పని ఎంత దగ్గరున్నా అందదు, ముఖ్యంగా ఆడపిల్లలకు.

అందుకే "మా ఊరికి బస్సు వేయించండి" అని అడగకండి. అలాంటి అర్జీలు ఆర్టీసీ డిపోలో కట్టలు కట్టలుగా ఉంటాయి. రాత్రి టౌను నుంచి చివరగా బయల్దేరి, ఊళ్లో ఆగి, తెల్లవారి అదే బస్సు మొదటి ట్రిప్పుగా వెళ్లే నైట్‌హాల్ట్ సర్వీసు కావాలని అడగండి. చివరి బస్సు, మొదటి బస్సు రెండూ ఒకే బస్సుతో తీరతాయి.

ఇందులో డిపోకూ లాభం ఉంది, ఆ సంగతి అర్జీలోనే రాయాలి. మీ ఊరికి, డిపోకు మధ్య 28 కిలోమీటర్లు అనుకుందాం. హాల్ట్ లేకుండా రాత్రి ట్రిప్పు నడిపితే బస్సు 28 కిలోమీటర్లు ఖాళీగా వెనక్కి పోవాలి, పొద్దున మళ్లీ 28 కిలోమీటర్లు ఖాళీగా రావాలి. రోజుకు 56 కిలోమీటర్లు దండగ. లీటరుకు 5 కిలోమీటర్లు వేసుకున్నా 11 లీటర్ల పైన డీజిలు. బస్సు ఊళ్లోనే నిద్ర చేస్తే ఆ డీజిలంతా మిగులుతుంది.

కొత్త సర్వీసు కన్నా పొడిగింపు తేలిక. మీకు ఐదారు కిలోమీటర్ల ఇవతల ఏ ఊరి దాకా బస్సు వచ్చి తిరిగిపోతోందో చూడండి. కొత్త షెడ్యూలుకు ఒక బస్సు, డ్రైవరు, కండక్టరు, వాళ్ల వారపు సెలవులకు మారుమనుషులు కావాలి. 6 కిలోమీటర్ల పొడిగింపుకు కావలసింది రానూపోనూ 12 కిలోమీటర్ల డీజిలు, అరగంట సమయం. మొదటిదానికి పై అధికారుల అనుమతులు కావాలి. రెండోదాన్ని డిపో మేనేజరు స్థాయిలోనే కదిలించే వీలు ఎక్కువ. ఇప్పుడు ఆ బస్సు ఆగే ఊరివాళ్లతో ముందే మాట్లాడుకోండి. తమ నైట్‌హాల్ట్ పోతుందని వాళ్లు ఎదురు అర్జీ పెట్టారంటే రెండు ఊళ్లకూ బస్సు రాదు.

మనుషుల లెక్క

ఎక్కువ ఊళ్లు తేలిపోయేది ఇక్కడే. సంతకాలు 400 ఉంటాయి గానీ ఎవరు, ఎప్పుడు, ఎక్కడికి పోతారో ఉండదు. డిపోలో సర్వీసును తూచేది రెండు లెక్కలతో. ఒకటి కిలోమీటరుకు వచ్చే రాబడి, దాన్నే వాళ్లు ఈపీకే అంటారు. రెండోది ఆక్యుపెన్సీ రేషియో, అంటే ఓఆర్. ఈ ఓఆర్ ఎక్కిన తలల లెక్క కాదు. సీట్లు ఎన్ని కిలోమీటర్లు నిండాయన్నది లెక్క.

బస్సులో 55 సీట్లున్నాయి, దారి 28 కిలోమీటర్లు అనుకోండి. మొత్తం 1,540 సీటు-కిలోమీటర్లు. ఊళ్లో 40 మంది ఎక్కి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న మండల కేంద్రంలో దిగిపోతే, ఆ తర్వాత ఎవరూ ఎక్కకపోతే, వచ్చేది 400. ఓఆర్ 26 శాతం. అదే 25 మందే ఎక్కి టౌను దాకా పోతే 700 వస్తుంది, ఓఆర్ 45 శాతం దాటుతుంది. మీ కళ్లముందు ఎక్కువ మందితో కదిలిన బస్సు కన్నా సగం ఖాళీగా కదిలిన బస్సే డిపో లెక్కలో మెరుగు. కాబట్టి దిగే చోటు తెలియని లెక్క పనికిరాదు. మండల కేంద్రం దాటాక దారిలో ఉన్న ఊళ్లను అర్జీలో కలుపుకోవాల్సిందీ ఇందుకే.

లెక్క తీయడానికి ఊరి క్రాస్ దగ్గర ఇద్దరు కూర్చుంటే చాలు. పొద్దున 5:30 నుంచి 9:30 వరకు, సాయంత్రం 4 నుంచి 9 వరకు, సంత రోజు కలిసొచ్చేలా వరుసగా 7 రోజులు. ఒక్కో వరుస ఇలా ఉండాలి: 6:20, ఆటో, 9 మంది, ఆడవాళ్లు 6, టౌనుకు 5, మండలానికి 4, మనిషికి 40 రూపాయలు, పూలబుట్టలు 2. వేరుశనగ కోతలప్పుడు ఒకసారి, జనవరి తర్వాత వలసల కాలంలో ఒకసారి లెక్క తీస్తే మరీ మంచిది. పండగ వారం లెక్క వద్దు. డిపోవాళ్లకు క్యాలెండరు తెలుసు, కాగితం మీద నమ్మకం పోతుంది.

దీనితో పాటు ఇంకో జాబితా వేరుగా రాయండి. రాత్రి బస్సు ఉంటే పనికి పోతామనేవాళ్లు, బస్సు లేక చదువు ఆపిన పిల్లలు, బెంగళూరు నుంచి తిరిగొచ్చేందుకు సిద్ధంగా ఉన్నవాళ్లు. ఇంటింటికీ తిరిగి పేరు, పని చేయగల చోటు రాసుకోండి. ఈ జాబితాలో ప్రతి ముగ్గురిలో ఒకరినే అంచనాలో చూపండి. మాట ఇచ్చిన వాళ్లంతా మొదటి నెలలోనే బస్సెక్కరు. టౌనులో కుట్టు యూనిట్లున్నవాళ్ల దగ్గర షిఫ్టు వేళలు, ఈ దారి నుంచి ఎంతమందిని తీసుకోగలరో రాసిన ఉత్తరం ఒక్కటి తెచ్చుకోండి. వంద సంతకాల కన్నా ఆ ఒక్క ఉత్తరానికే బరువెక్కువ.

దారి

డిపో నుంచి రూటు సర్వేకు వచ్చేలోపే మీరే దారంతా నడిచి చూసుకోవాలి. పల్లె రోడ్డు తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు, కొన్నిచోట్ల 3 మీటర్లే. బస్సు వెడల్పు దాదాపు 2.5 మీటర్లు. ఎదురుగా ట్రాక్టరు వస్తే ఏదో ఒకటి పక్కకు దిగాలి కాబట్టి రెండు వైపులా మీటరు చొప్పున గట్టి మట్టి అంచు ఉండాలి. ముళ్లకంప కొట్టేసి, గుంతలకు గ్రావెల్ వేసి, వాన వెలిశాక మళ్లీ చూడండి. చెట్ల కొమ్మలు నేల నుంచి 4 మీటర్ల ఎత్తు దాకా కొట్టించాలి. వేలాడే కరెంటు తీగలను లైన్‌మన్‌కు చూపించి బిగింపించాలి. వంకల మీది కల్వర్టుల ఫొటోలు తీసి పెట్టుకోండి.

బస్సు తిరిగే చోటు ఇంకో చిక్కు. ఒక్క ఊపులో తిరగాలంటే సుమారు 24 మీటర్ల వెడల్పున్న ఖాళీ స్థలం కావాలి. అది లేకపోతే మూడు దారుల కూడలిలో వెనక్కి పెట్టి తిప్పుకోవచ్చు, కానీ అక్కడ వామి, దిబ్బ, అరుగు అడ్డం ఉండకూడదు. పిల్లలు ఆడుకునే చోట రివర్స్ పెట్టించకండి.

సిబ్బంది పడుకునే గది

నైట్‌హాల్ట్‌లు ఆగిపోవడానికి ఊళ్లవాళ్లు చెప్పుకోని కారణం ఇదే. డ్రైవరు రాత్రి 9:15కు దిగి 5:30కు మళ్లీ స్టీరింగ్ పట్టాలి. దోమలతో బస్సు సీటు మీద పడుకుంటే నిద్ర పట్టదు. కండక్టరు సంచిలో ఆ రోజు వసూలైన డబ్బంతా ఉంటుంది, కాబట్టి గదికి లోపల గడియ, బయట తాళం, డబ్బు పెట్టుకోవడానికి తాళమున్న చిన్న బీరువా కావాలి. రెండు మంచాలు, ఫ్యాను, కిటికీకి దోమల జాలి, పక్కనే నీళ్లున్న బాత్రూము, మరుగుదొడ్డి ఉండాలి. గదిలోంచి కనపడేలా, లైటు వెలుగులో, చదునైన చోట బస్సు నిలపాలి.

గది పంచాయతీదై ఉండాలి. ఫలానా నాయకుడి ఇంట్లో పెట్టారంటే, ఎన్నికల్లో ఊరు రెండుగా చీలిన రోజు బస్సు కూడా ఒక వర్గానిదైపోతుంది.

అర్జీ

ఒక్క పేజీ చాలు. డిపో మేనేజరుకు రాసి, జిల్లా ప్రజా రవాణా అధికారికి, ఎమ్మెల్యేకు నకళ్లు ఇవ్వండి. గ్రామసభ తీర్మానం, 7 రోజుల లెక్క పట్టిక, కిలోమీటర్లతో చేతిగీత మ్యాపు, దారి ఫొటోలు, గది ఇస్తామని పంచాయతీ రాసిన కాగితం, కాలేజీ పేర్లతో విద్యార్థుల జాబితా, యూనిట్ల ఉత్తరం జత చేయండి. చివర్లో "మూడు నెలలు ప్రయోగాత్మకంగా నడిపి చూడండి" అని రాయండి. శాశ్వతంగా అడిగితే వెనకాడే అధికారి, మూడు నెలలంటే ఒప్పుకునే అవకాశం ఉంది. రసీదు ముద్ర వేయించుకోవడం మరవొద్దు. నెల దాటినా జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. డిపోలో "డయల్ యువర్ డీఎం" (డిపో మేనేజరుతో ఫోనులో మాట్లాడే కార్యక్రమం) పెట్టిన రోజు ఫోను చేసి అర్జీ తేదీ చెప్పండి. తెలంగాణలోనైతే సోమవారం ప్రజావాణి ఉంది. మిగతా పద్ధతంతా అక్కడి పల్లెవెలుగుకూ ఇంతే.

వేళలు మీరే రాసివ్వండి, నిమిషాలతో సహా. టౌనులో 8:45కు దిగితే 9 గంటల షిఫ్టుకు అందేలా అనుకుంటే, ఒక నమూనా ఇది. టౌనులో సాయంత్రం 4:45, ఊరికి 5:45. ఊళ్లో 5:50, టౌనుకు 6:50. టౌనులో రాత్రి 8:15, ఊరికి 9:15, హాల్ట్. పొద్దున 5:30కు ఊళ్లో కదిలి 6:30కు టౌనులో పూలు, కూరగాయలు దింపుతుంది. 6:40కి టౌనులో కదిలి ఊరికి తిరిగి వచ్చి, 7:45కు కాలేజీ పిల్లలతో, పనివాళ్లతో కదిలి 8:45కు చేరుతుంది. సిబ్బందికి స్టీరింగ్ మీద సుమారు 6 గంటలు పడుతుంది. కార్మిక చట్టం రోజుకు 8 గంటల పని అంటుంది కాబట్టి డిపో పనులకూ చోటు మిగులుతుంది. రాత్రి ట్రిప్పును 8:15 కన్నా ముందుకు జరుపుతామంటే ఒప్పుకోకండి. 7 గంటలకు కదిలే "చివరి బస్సు" దుకాణాల్లో పనిచేసేవాళ్లకు అందదు.

బస్సు వచ్చాక

మొదటి మూడు నెలల్లోనే దాని బతుకు తేలుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి కింద పల్లెవెలుగులో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి 2023 డిసెంబరు 9 నుంచి నడుస్తోంది. రోజుకు 80 రూపాయలు ఆటోకిచ్చే మహిళకు నెలకు 26 రోజుల పనిలో 2,080 రూపాయలు మిగులుతాయి. కుట్టుపని జీతంలో అది చిన్న మొత్తం కాదు. కానీ డబ్బు కట్టేది లేదు కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చోకూడదు. ఆ జీరో టికెట్ మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి, ఓఆర్‌లో మనిషి లెక్కకు రావాలి. 30 మంది ఆడవాళ్లు ఎక్కి 18 టికెట్లే కొడితే డిపో లెక్కలో ఉన్నది 18 మందే. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ చేతిలో పెట్టుకుని, దిగే ఊరి పేరు చెప్పి టికెట్ అడగాలని ప్రతి మహిళా సంఘం సమావేశంలో చెప్పించండి. టౌనుకు పోతూ మండలం దాకే టికెట్ కొట్టించుకున్నా నష్టం ఊరికే.

క్రాస్ దగ్గర టీకొట్టులో ఒక నోటుబుక్కు వేలాడదీయండి. తేదీ, రావాల్సిన వేళ, వచ్చిన వేళ, ఎక్కినవాళ్లు, రాకపోతే కారణం. పెళ్లి ముహూర్తాలప్పుడు, జాతరలప్పుడు, సభలప్పుడు బస్సులు అటు పోతాయి. సిబ్బంది తక్కువైన రోజు మొదట కోత పడేది పల్లె ట్రిప్పుకే. రెండు రోజులు రాత్రి బస్సు రాకపోతే టౌనులో చిక్కుకున్న ఆడపిల్ల మూడో రోజు పని మానేస్తుంది. అప్పుడు ఓఆర్ పడిపోయిందని బస్సు తీసేస్తారు. ఆ వాదన వచ్చినప్పుడు, ఎన్ని రోజులు బస్సే రాలేదో చూపడానికి ఆ నోటుబుక్కే మీ చేతిలో ఉన్న ఆధారం. డిపో లెక్క కూడా కావాలంటే సమాచార హక్కు కింద ట్రిప్పులవారీ రాబడి, రద్దయిన ట్రిప్పులు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

బస్సుకు అయిదు నిమిషాల ముందు ఆటో కదిలితే డబ్బిచ్చే మగవాళ్లు ఆటోలో పోతారు, కిలోమీటరు రాబడి పడిపోతుంది. ఆటోవాళ్లు మన ఊరివాళ్లే, వాళ్లకూ ఇల్లు గడవాలి. తండాల నుంచి, చుట్టూ ఉన్న కొట్టాల నుంచి క్రాస్‌కు మనుషులను చేర్చే పని వాళ్లకు అప్పగించి, బస్సు వేళకు అరగంట అటూఇటూ టౌను ట్రిప్పు వేయకుండా మాట తీసుకోండి. బస్సు లేని వేళలన్నీ వాళ్లవే.

ఇంకొకటి. ఉలవ కట్టె, కంది కట్టె, రాగి కంకులు నూర్పిడికి రోడ్డు మీద పరిచే అలవాటు బస్సు తిరిగే దారిలో మానాలి. కట్టె బస్సు కింద తిరిగే షాఫ్టుకు చుట్టుకుని రాపిడికి వేడెక్కి మంట అంటుకుంటుంది. ఒక్కసారి అలా జరిగినా డ్రైవర్లు ఆ దారికి డ్యూటీ వేయించుకోరు. నూర్పిడికి కళ్లం చూపించే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి.

జూన్‌లో బడులు, కాలేజీలు తెరిచే ముందు, కోతలు అయ్యాక ఇంకోసారి, నోటుబుక్కుతో డిపోకు వెళ్లి వేళలు సరిచేయించుకోండి. షిఫ్టు మారితే బస్సు వేళ కూడా మారాలి.