గోళెం గోడకి నురుగు కనిపిస్తే కడిగేయకండి

వాన పడ్డ మర్నాడు పొద్దున్నే చూస్తే గోళెం లోపలి గోడకి, నీళ్లకి జానెడు పైన, ఎవరో సర్ఫ్ నురుగు కొట్టి వదిలేసినట్టు తెల్లటి ముద్ద ఉంటుంది చూడండి, అది చెట్టుకప్ప గూడు. విశాఖ అడవివరంలో మా ఇంట్లో మొదటిసారి చూసినప్పుడు చీపురుతో గీకి పారేశా, తీరా చూస్తే లోపల సన్న సగ్గుబియ్యంలా గుడ్లు.

గూడు కింద నీళ్లున్నాయో లేదో ముందు చూడండి, ఎందుకంటే గుడ్లలోంచి వచ్చే కప్ప పిల్లలు పడేది అందులోకే. తగ్గితే పక్క నుంచి మెల్లగా పోయండి, నురుగు మీద పోయొద్దు. సబ్బు, బ్లీచింగ్, కిరసనాయిలు అసలొద్దు. నీళ్లు లేనిచోట, అంటే ఏ బైక్ కవర్ మీదో పెట్టేస్తే, తడిపిన అట్లకాడతో ముద్ద మొత్తం లేపి పెద్ద చిల్లుల ప్లాస్టిక్ బుట్టలో పెట్టి నీళ్ల తొట్టి మీద ఉంచండి.

రాత్రి టకటక అరుపు వినిపిస్తే టార్చికి ఎర్ర కాగితం చుట్టి దూరం నుంచి చూడొచ్చు. ఆడది ఒక ద్రవం వదిలి వెనక కాళ్లతో కవ్వం చిలికినట్టు చిలుకుతుంది, మగది దాని వీపు మీదే ఉంటుంది. తెల్లారాక పైపొర ఎండి బిస్కెట్ రంగుకి మారుతుంది, పాడైపోయిందనుకోకండి, లోపల తడి ఆరకుండా కాపాడేది ఆ పెంకే.

సబ్బు నురుగు గంటలో చప్పబడుతుంది, ఇది రోజుల తరబడి నిలుస్తుంది, కిటుకంతా ప్రోటీన్లలో ఉంది. దీని మీద ఎక్కువ పని జరిగింది మన కప్ప మీద కాదు, అమెరికా ఖండం వైపు ఉండే టుంగారా కప్ప మీద. దాని నురుగులోని ప్రోటీన్లని రానాస్పుమిన్లు అంటారు. రానాస్పుమిన్-2 నీటి పైకి రాగానే ఆల్చిప్పలా తెరుచుకుని నీళ్ల తలతన్యత, అంటే పైపొర బిగువు, తగ్గిస్తుందని అంచనా, అయినా సబ్బులా గుడ్ల పొరల్ని కరిగించదు. చక్కెరలకి అతుక్కునే లెక్టిన్లు అనే ప్రోటీన్లు కూడా ఉంటాయి, క్రిములు నురుగుని తినెయ్యకుండా అవి అడ్డుపడతాయంటారు. మన చెట్టుకప్పకి దగ్గర చుట్టం ఒకటి ఆగ్నేయాసియాలో ఉంది, దాని గూట్లో ఏకంగా నీలం రంగు ప్రోటీనే దొరికింది, పేరు రానాస్మర్ఫిన్, నిర్మాణం 2008లో తేల్చారు.

దోమల భయం ఉంటే, మన ఊళ్లో డెంగీ సంగతి తెలిసిందే కదా, గూడుతో సహా గోళెం మీద దోమతెర కప్పి తాడు బిగించి కట్టేయండి, లోపల పుట్టిన దోమ బయటికి రాదు, బయటిది లోపలికి పోదు. మందు వేసేవాళ్లొస్తే ముందే చెప్పండి, ఒకసారి నేను ఆఫీసులో ఉండగా గోళెం మొత్తం బోర్లించేసి వెళ్లారు.

సుమారు నాలుగైదు రోజులకి కింది వైపు నురుగు మెత్తబడి కారుతుంది, తోక కప్పలు ఒక్కొక్కటే టప్‌మని పడతాయి. అప్పట్నుంచి మగ్గు ముంచేముందు ఒకసారి చూసుకోండి.