ఇంటి ఇంటర్నెట్ మనమే పెట్టుకుందాం – 3వ పాఠం: మోడెమ్ నుంచి కంప్యూటర్‌కి

పోయిన పాఠంలో గోడలోంచి వచ్చే గుండ్రటి కేబుల్‌ని మోడెమ్‌కి (ఇంటర్నెట్ కంపెనీ లైనును కంప్యూటర్‌కి అందించే పెట్టె) బిగించి, ఆన్‌లైన్ లైటు మినుకుమనడం ఆగి నిలకడగా వెలిగేదాకా చూశాం. ఆ లైటు ఇంకా మినుకుమంటూనే ఉంటే ఈ పాఠం జోలికి రావద్దు. మోడెమే కంపెనీతో కలవనప్పుడు కంప్యూటర్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా ఫలితం ఉండదు.

అమెరికాలో కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగి, మోడెమ్‌కి నెలనెలా అద్దె కట్టడం ఎందుకని సొంతంగా కొనుక్కున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో ఏపీ ఫైబర్‌నెట్ బాక్సు ఉంటే అది వేరే రకం. దానికి వచ్చేది గాజు తీగ కాబట్టి ఈ లైట్ల లెక్క అక్కడ పనికిరాదు.

ఈరోజు కావలసింది ఒక ఈథర్‌నెట్ కేబుల్. క్యాట్ 5ఈ చాలు. రెండు కొసలా ల్యాండ్‌లైన్ ఫోన్ తీగ పిన్ను కంటే కాస్త వెడల్పైన పిన్ను ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి ఆ రంధ్రం లేకపోతే యూఎస్‌బీకి తగిలించే ఈథర్‌నెట్ అడాప్టర్ కొనుక్కోండి. ఇల్లంతా వైఫై పంచే రూటర్‌ని మాత్రం పెట్టెలోంచి తీయకండి. ముందు ఒక్క కంప్యూటర్‌తో లైను బాగుందని తేల్చుకుంటే, రేపు వైఫై రానప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కునే పని సగం తగ్గుతుంది.

కేబుల్ పెట్టే ముందు కంప్యూటర్ ఆపేసి, మోడెమ్ కరెంటు తీసేయండి. ఫోన్ లైను కూడా ఇచ్చే మోడెమ్ అయితే లోపల బ్యాటరీ ఉండొచ్చు, దాన్నీ తీయాలి. ఒక నిమిషం ఆగండి. ఈథర్‌నెట్ కేబుల్ ఒక కొస మోడెమ్‌లో, రెండోది కంప్యూటర్‌లో టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. తర్వాత మోడెమ్‌కి కరెంటు ఇచ్చి, ఆన్‌లైన్ లైటు నిలకడగా వెలిగాకే కంప్యూటర్ ఆన్ చేయండి.

ఈ వరస ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ తయారీలోనే ఇచ్చిన ఒక నంబరు ఉంటుంది, దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. చాలా కనెక్షన్లలో మోడెమ్ ఆన్ అయ్యాక మొదట కనపడిన నంబరునే గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత ఇంకో కంప్యూటర్ పెడితే పట్టించుకోదు. కరెంటు తీసి మళ్లీ ఇస్తేనే ఆ జ్ఞాపకం పోతుంది. ఇది తెలియక నేను పాత ల్యాప్‌టాప్ తీసి కొత్తది తగిలించి, ఒక సాయంత్రమంతా కొత్తదానిలో డ్రైవర్లు తీసేసి మళ్లీ ఎక్కించుకుంటూ కూర్చున్నాను. చివరికి మోడెమ్ ప్లగ్గు పీకి పెట్టగానే వచ్చేసింది.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేయండి. లేకపోతే పక్కన ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుని, కేబుల్ పనిచేస్తోందని భ్రమపడే ప్రమాదం ఉంది. విండోస్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ దాకా వెళ్లండి. ఐపీ అసైన్‌మెంట్ దగ్గర ఆటోమేటిక్, డీహెచ్‌సీపీ అని ఉండాలి. అంటే మన ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తుపట్టే నంబరు) మనం రాసుకోం, కంపెనీ సర్వరే ఇస్తుంది. ఆపిల్ మ్యాక్ కంప్యూటర్‌లో కూడా ఇదే పద్ధతి.

అదే పేజీలో కిందికి వస్తే ఐపీవీ4 అడ్రస్ కనపడుతుంది. ఈ పాఠంలో అన్నిటికంటే విలువైనది ఆ నంబరు చదవడమే. లోపం ఎక్కడుందో అదే చెప్తుంది.

169.254తో మొదలైతే ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని, కంప్యూటరే తనకు తాను ఒకటి పెట్టుకుందని అర్థం. కేబుల్ రెండు కొసలూ మళ్లీ నొక్కి చూడండి, కేబుల్ పెట్టిన రంధ్రం పక్కన చిన్న లైటు వెలుగుతోందో లేదో గమనించండి. అయినా మారకపోతే పైన చెప్పిన వరస మొదటినుంచీ చేయండి.

192.168.100తో మొదలైతే కంప్యూటర్‌కి, మోడెమ్‌కి మధ్య తీగ బాగానే ఉంది. కంపెనీతో ఇంకా కలవని మోడెమ్ తాత్కాలికంగా తనే ఇచ్చిన అడ్రస్ అది. అంటే తప్పు గోడవైపు ఉంది, రెండో పాఠానికి వెళ్లండి.

ఇవి కాక వేరే నంబరు వస్తే చాలావరకు గెలిచినట్టే. బ్రౌజర్ తెరవండి. మొదటిసారి ఏ సైటు అడిగినా కంపెనీ యాక్టివేషన్ పేజీయే రావచ్చు. ఖాతా వివరాలు, మోడెమ్ అడుగున అతికించిన మ్యాక్ అడ్రస్ ఇచ్చి పూర్తిచేయండి. సైట్లు తెరుచుకోకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో (విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కిటికీ) పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి 8.8.8.8 ఇవ్వండి, అది గూగుల్ సర్వర్ నంబరు. జవాబు వస్తోంది కానీ సైటు పేరు కొడితే రావడం లేదంటే లైను బాగుంది, పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గరే చిక్కు.

ఒక హెచ్చరిక. మధ్యలో రూటర్ లేదు కాబట్టి మీ కంప్యూటర్ ఇప్పుడు బయటి ప్రపంచానికి నేరుగా కనపడుతోంది. బయటివాళ్లు చొరబడకుండా అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, నెట్‌వర్క్ రకం పబ్లిక్ అని పెట్టండి. పరీక్ష పూర్తవగానే ఈథర్‌నెట్ కేబుల్ తీసేయండి, రోజుల తరబడి ఇలా వదిలేయవద్దు.

వచ్చే పాఠంలో రూటర్ పెడదాం. అప్పటికి మీకు వచ్చిన ఐపీవీ4 అడ్రస్, మోడెమ్ మ్యాక్ అడ్రస్ ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. రెండూ అవసరమవుతాయి.