రాతి పగడం ముడుచుకుంటే: తిండికి ముందు చూడవలసినవి

“పగడం ముడుచుకుంది, ఏం తినిపించాలి?” తిరుపతిలో ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లు నన్ను ముందుగా అడిగే ప్రశ్న ఇదే. నలతగా ఉన్నవాళ్లకు ఏదో ఒకటి తినిపిస్తే తప్ప మనకు మనసు ఊరుకోదు. సున్నపు గూడు కట్టుకుని బతికే జీవి రాతి పగడం. దాని దగ్గర ఆ మమకారమే కొంప ముంచుతుంది. నేను చూసినంతలో ఆకలితో చచ్చిన పగడాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవన్నీ నీళ్లు తేడా చేసో, ఎండకు కాగో, సీసాల్లోని మందులు ఎక్కువయ్యో చచ్చినవే. అందుకే ఇక్కడ తిండి సంగతి ఆఖరున వస్తుంది.

ఏం జరిగినా ముందు కొలవండి. ఉప్పదనం వెయ్యికి 35 పాళ్లు, అంటే సాపేక్ష సాంద్రత 1.025–1.026. ఉష్ణోగ్రత 25–26 డిగ్రీలు. క్షారత్వం 8–9 డీకేహెచ్ (క్షారత్వాన్ని చెప్పే కొలమానం). కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లు), మెగ్నీషియం 1250–1350. నైట్రేట్ 5–10, ఫాస్ఫేట్ 0.03–0.1 మధ్య ఉంటే చాలు. క్షారత్వం ఏడాదంతా 7.5 దగ్గర నిలబడిన ట్యాంకులో పగడాలు హాయిగా పెరుగుతాయి. ఈ వారం 7, వచ్చే వారం 10 అయితే మాత్రం బతకవు.

అన్నీ ఒకేసారి ముడుచుకుంటే

ఒక్కటే ముడుచుకుంటే దోషం ఆ పగడంలోనో, దాన్ని పెట్టిన చోటులోనో ఉంటుంది. అన్నీ కలిసి ముడుచుకుంటే దోషం నీళ్లలో ఉంటుంది. ముందు అనుమానించవలసింది ఉప్పదనాన్ని. నీళ్లు ఆవిరవుతాయి కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. ఫ్యాను పెట్టిన ట్యాంకును ఏప్రిల్‌లో రెండు రోజులు పట్టించుకోకపోతే ఉప్పదనం పెరిగిపోతుంది. తగ్గిన మేరకు ఉప్పు కలపని మంచినీళ్లే పోయాలి, అవి కూడా ఒక్కసారిగా కాదు, రెండు మూడు విడతలుగా. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును 35 పాళ్ల ప్రామాణిక ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీళ్లతో సున్నాకు సరిచేసినంత మాత్రాన 35 దగ్గర అది నిజం చెబుతుందన్న నమ్మకం లేదు.

మంచినీళ్లంటే ఏ మంచినీళ్లు? ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బోరు నీళ్లు పనికిరావు. వంటింట్లోని ఆర్‌ఓ యంత్రం నీళ్లూ చాలవు, ఎందుకంటే రుచి కోసం అందులో మళ్లీ ఖనిజాలు కలుస్తాయి. ఈమధ్య కొన్ని యంత్రాల్లో ఆరోగ్యం పేరుతో రాగి కూడా కలుపుతున్నారు. పగడాలకు విడిగా ఆర్‌ఓ, దాని తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఅయనైజింగ్ రెజిన్ గొట్టం ఉండాలి. నీళ్లలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి.

రాగి సంగతి నాకు పాఠంలా కాదు, దెబ్బలా తెలిసింది. ఒకసారి మూడు రోజులు కడపకు పెళ్లికి వెళ్తూ, నీళ్లు గీత కిందికి తగ్గితే పోయమని అమ్మకు చెప్పాను. తిరిగొచ్చేసరికి అద్దాల మీద ఉండవలసిన నత్తలు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. రొయ్య కనిపించలేదు. అకాన్ అనే కండగల పగడం గూడులోకి ఎంతగా ముడుచుకుపోయిందంటే, సున్నపు అంచులు చర్మం కింద పక్కటెముకల్లా తేలాయి.

“అమ్మా, ఏ నీళ్లు పోశావు?”

“నువ్వు పెట్టిన డబ్బా అయిపోయింది నాయనా. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్లే పోశాను. మనం తాగేవే.”

ఆమె ఇంట్లోకెల్లా మేలైన నీళ్లు పోసింది. మనిషికి సరిపడే రాగి నత్తకు, రొయ్యకు, పగడానికి విషం. నత్తలు, రొయ్యలు ముందు పడిపోయి, పగడాలు ఆ తర్వాత ముడుచుకుంటే రాగిని అనుమానించండి. వెంటనే నాలుగో వంతు నీళ్లు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్‌ను, రాగిని పట్టే రెజిన్‌ను ఫిల్టరులో పెట్టాలి. రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకుని తర్వాత కొద్దికొద్దిగా వదులుతాయి కాబట్టి రెజిన్‌ను కొన్ని వారాల పాటు ఉంచాలి. నా ట్యాంకులో అకాన్ బతికింది, ఆక్రోపోరా అనే కొమ్మల పగడాలు రెండు పోయాయి. ఇప్పుడు ట్యాంకు పక్కన రెండు డబ్బాలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి.

దోమల మందు కూడా ఇలాంటిదే. నురుగుతో నీళ్లలోని మలినాలు తీసే స్కిమ్మరు గదిలోని గాలిని లాగి నీళ్లలోకి పంపుతుంది కాబట్టి ఆ గదిలో దోమల మందు వెలిగించకండి, చల్లకండి.

తెల్లబడితే

ముందు భూతద్దం తీసుకోండి. తెల్లబడటంలో రెండు రకాలున్నాయి, వాటి వైద్యాలూ వేరు.

మొదటిది రంగు పోవడం. కండ ఉంటుంది కానీ అద్దంలా పారదర్శకంగా మారి, లోపలి గూడు తెల్లగా కనిపిస్తుంది. పాలిప్‌లు, అంటే నోరు, స్పర్శకాలు ఉన్న చిన్న చిన్న పగడపు జీవులు, కదులుతూనే ఉంటాయి. పగడం కండలో కాపురముండే సూక్ష్మ శైవలాలే వెలుతురుతో చక్కెరలు తయారుచేసి దానికి ఎక్కువ భాగం ఆహారం ఇస్తాయి. నీళ్లు వేడెక్కినా, వెలుతురు ఒక్కసారిగా పెరిగినా పగడం వాటిని బయటకు నెట్టేస్తుంది. ఇక్కడ పగడం ఇంకా బతికే ఉంది. దీపాల తీవ్రతను సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. వేడిని గంటల వ్యవధిలో కొంచెం కొంచెంగా దించండి. తిండే మందయ్యే అరుదైన సందర్భాల్లో ఇదొకటి, సొంత వంటవాళ్లను పోగొట్టుకున్న జీవికి మనమే రెండు ముద్దలు పెట్టాలి.

మన ఊళ్లో ఈ జబ్బుకు మూలం ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మేడ మీది గదిలోని ట్యాంకు ఎంత? నీళ్ల మీదుగా చిన్న ఫ్యాన్లు గాలి విసిరేలా పెడితే ఆవిరయ్యే నీరు వేడిని తీసుకుపోయి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి, సముద్రపు తేమలో ఉండే చెన్నైవాళ్ల కంటే ఈ విషయంలో మనం నయం. గదే 36 డిగ్రీలుంటే ఫ్యాన్లతో గట్టెక్కలేరు, నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లరు, కొనవలసిందే. దాన్ని మూసిన అరలో పెడితే తన వేడిగాలినే తాను పీల్చుకుంటుంది, బయట పెట్టండి. డబ్బు ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: దీపాలను మధ్యాహ్నం కాక సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా వెలిగించండి. దీపాల వేడి, ఎండ వేడి ఒకదాని మీద ఒకటి పడవు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద దీపాలు వద్దు, నీళ్లను కదిపే పంపు ఒక్కటి తిరిగితే ప్రాణవాయువు అందుతుంది.

రెండో రకంలో కండే ఊడిపోతుంది. మిగిలేది ఉత్త సున్నపు గూడు, కొన్నాళ్లకు దాని మీద నాచు పడుతుంది. మొదలు నుంచి రోజుకింత చొప్పున పైకి పాకుతుంటే క్షారత్వం ఊగిసలాట, నీళ్ల కదలిక చాలకపోవడం, లేదా కండ తినే పురుగులు కారణం కావచ్చు. ఒక్క రోజులో చర్మం పొరలు పొరలుగా రాలిపోతుంటే కారణం వెతుకుతూ కూర్చోకండి. బాగున్న కొమ్మలను ఊడిన గీతకు అంగుళం పైన కత్తిరించి, జెల్ రూపంలోని సైనోయాక్రిలేట్ జిగురుతో కొత్త రాళ్ల మీద అంటించండి. తల్లి పోయినా పిల్ల మిగలవచ్చు.

కొమ్మల చివర్లు మాత్రమే తెల్లగా ఉంటే

అన్ని చివర్లూ సమంగా తెల్లగా ఉండి, కండ నిండుగా ఉంటే సంతోషించండి, అది కొత్త పెరుగుదల. చివర్లు కాలినట్టయి గూడు బయటపడితే మాత్రం క్షారత్వం ఎక్కువైంది. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు దగ్గరగా ఉన్న ట్యాంకులో క్షారత్వాన్ని 10, 11 దాకా తోస్తే ఆక్రోపోరా ఇలాగే కాలుతుంది. క్షారత్వం పెంచే మందు పోయడం ఆపండి, దానంతటదే దిగనివ్వండి. దించడానికి ఇంకో మందు పోయకండి.

పగడం గూడు కాల్షియం కార్బొనేట్. దాన్ని కడుతూ పగడం 20 పీపీఎం కాల్షియం వాడుకునేసరికి 2.8 డీకేహెచ్ క్షారత్వం ఖర్చవుతుంది. కాల్షియం 420 నుంచి 400కు దిగితే మీకు తెలియను కూడా తెలియదు, అదే సమయంలో క్షారత్వం 8.4 నుంచి 5.6కు పడిపోయి ఉంటుంది. కాబట్టి క్షారత్వాన్ని రెండు రోజులకోసారి, ఒకే వేళకు కొలవండి. కాల్షియానికి వారానికోసారి చాలు.

వంద లీటర్ల నీళ్లలో క్షారత్వం 1 డీకేహెచ్ పెరగడానికి దాదాపు 3 గ్రాముల వంట సోడా కావాలి. పొట్లం మీద సోడియం బైకార్బొనేట్ అని మాత్రమే ఉండాలి, బేకింగ్ పౌడరు వేరు. రోజుకు 1 డీకేహెచ్ కంటే ఎక్కువ పెంచవద్దు.

ఇంకో దారి సున్నపు తేట. రెజిన్ గొట్టం దాటిన ఆర్‌ఓ నీళ్లు లీటరుకు గ్రామున్నర కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, తేరుకున్నాక పైనున్న తేటను రాత్రిపూట చుక్కచుక్కగా వదలాలి. కాల్షియం, క్షారత్వం రెండూ పగడానికి కావలసిన పాళ్లలోనే అందుతాయి. తమలపాకుకు రాసుకునే సున్నమూ ఇదే పదార్థం, కానీ కిళ్లీకొట్టు సున్నంలో ఇంకేమున్నాయో ఎవరు చూశారు? శుద్ధమైన రకమే తెచ్చుకోండి. ఈ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది, కంట్లో పడకుండా చూసుకోండి.

రంగు మారితే

గోధుమ రంగుకు తిరిగితే నీళ్లలో పోషకాలు ఎక్కువ లేదా వెలుతురు తక్కువ. వెలిసిపోతే పోషకాలు మరీ తక్కువ లేదా వెలుతురు ఎక్కువ. ఫాస్ఫేట్ తొలగించే పొడిని అతిగా వాడి నీళ్లను కడిగేసినట్టు చేసేవాళ్లకు రెండోది తప్పదు. ఏది మార్చినా ఒక్కటే మార్చి, రెండు వారాలు ఆగి చూడండి.

ఒక పక్క మాత్రమే మాడితే

పగలు చూస్తే ఏమీ దొరకదు. దీపాలు ఆరిన రెండు గంటలకు టార్చిలైటుతో చూడండి. టార్చ్, హ్యామర్, గెలాక్సియా లాంటి పగడాలు రాత్రిపూట పొడవాటి స్పర్శకాలు చాచి పొరుగువాణ్ని కుడతాయి. పెద్ద పాలిప్‌ల రకాల మధ్య కనీసం జానెడు ఖాళీ ఉంచండి, గెలాక్సియాకు ఇంకా ఎక్కువ. ఆ పక్కనే పంపు నేరుగా కొడుతుంటే, కండ గూడు అంచులకు రాసుకుని చిరిగి ఉండవచ్చు.

గోధుమ రంగు జిగురు పడితే

టార్చ్, హ్యామర్ పగడాల మీద ముక్కు మూసుకునే వాసనతో జిగురు కనిపిస్తే గంటలు కూడా విలువైనవే. పంపులన్నీ ఆపి, సన్నని గొట్టంతో జిగురును బయటికి లాగేయండి. పగడాన్ని వేరే గిన్నెలోకి తీసి, జబ్బు పడిన తలను కోసి పారేసి, మిగిలినదాన్ని అయొడిన్ డిప్‌లో, అంటే అయొడిన్ కలిపిన నీళ్లలో, ముంచండి. కడిగిన నీళ్లు మళ్లీ ట్యాంకులో పోయకండి.

కొత్తగా తెచ్చినది తేరుకోకపోతే

మనలో చాలామంది చెన్నై కొళత్తూరు దుకాణాల నుంచి తెచ్చుకుంటారు. నగరి, పుత్తూరు మీదుగా వస్తూ దారిలో టీ తాగడానికి కారు ఎండలో ఆపితే సంచిలోని నీళ్లు కాగిపోతాయి. థర్మాకోల్ పెట్టె తీసుకెళ్లండి, రాత్రి ప్రయాణం ఇంకా మంచిది. ఇంటికి రాగానే పురుగులు పోయే మందు నీళ్లలో ముంచి (డిప్ చేసి), అడుగున పురుగుల గుడ్లున్నాయేమో భూతద్దంతో చూడండి. మొదట ఇసుక మీద, తక్కువ వెలుతురులో ఉంచండి. పైకి చేర్చడానికి మూడు వారాలు తీసుకోండి.

ఇంకొక మాట. రాతి పగడాలన్నింటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రంలో తీసినవి కొనడం నేరం. విదేశాల నుంచి వచ్చేవాటికి సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) అనుమతి పత్రాలు ఉండాలి. పత్రాలు చూపించని దుకాణంలో ఎంత అందమైనదున్నా వదిలేసి రండి.

అన్నీ బాగున్నా ఒళ్లు చిక్కిపోతుంటే

ఇప్పుడు తిండి. ఆక్రోపోరా, మాంటిపోరాలకు వెలుతురు, చేపల విసర్జన, నీళ్లలో తేలే సూక్ష్మజీవులు చాలావరకు సరిపోతాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి, వారానికి రెండుసార్లు ఇస్తే మంచిదే. నెల్లూరు వైపు రొయ్యపిల్లల హేచరీలు వాడేదీ ఈ ఆర్టీమియానే. ఉప్పునీళ్లలో గుడ్లు వేసి, 28 డిగ్రీల దగ్గర గాలి బాగా కొడితే ఒక రోజులో పిల్లలవుతాయి. పెంకులు వడకట్టి వేయండి.

కండగల పగడాలకు మైసిస్ రొయ్యలు, లేదా పచ్చి సముద్రపు రొయ్యను బియ్యపు గింజంత ముక్కలుగా తరిగి పెట్టవచ్చు. ఉప్పు, పసుపు తగలని కత్తి వాడండి. దీపాలు ఆరిన గంటకు అకాన్‌ను చూస్తే పొట్టి స్పర్శకాలు అంచు చుట్టూ లేచి ఉంటాయి. అప్పుడు పంపులు ఆపి, పిప్పెట్‌తో ఒక్కో నోటికి ఒక్కో ముక్క వదలండి. స్పర్శకాలు ముక్కను పట్టుకుని లోపలికి వంగుతాయి, నోరు గీతలా తెరుచుకుంటుంది, పావుగంటలో ముక్క కనిపించదు. నోటి మీద ముక్క పదిహేను నిమిషాలైనా అలాగే ఉంటే దానికి ఆకలి లేదు, తీసేయండి. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

సన్ కోరల్ లెక్క వేరు. దాని కండలో శైవలాలు లేవు, వెలుతురు తిని బతకలేదు. ప్రతి పాలిప్‌కూ రెండు మూడు రోజులకోసారైనా ముద్ద పెట్టే ఓపిక ఉంటేనే తెచ్చుకోండి.

ఇక దొంగ ఒకడుంటాడు. నా క్లీనర్ రొయ్య పిప్పెట్ కనిపించగానే వచ్చి, అకాన్ నోట్లోకి సగం వెళ్లిన ముక్కను కూడా కాళ్లతో పీక్కుపోయేది. ప్లాస్టిక్ సీసాను సగానికి కోసి పగడం మీద బోర్లించి, మూత వైపు నుంచి తిండి వదలడం మొదలుపెట్టాను. అరగంట తర్వాత సీసా తీసేస్తాను. రొయ్య అంతసేపూ సీసా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. వేరే మూలలో దానికీ ఒక ముక్క వేస్తాను.