పాత కారులో వాటర్ పంపు మార్చడం ఎలా?

ఇంజన్‌లో పుట్టే వేడిని మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేది కూలెంట్. ఆ కూలెంట్‌ని ఆగకుండా తిప్పేది వాటర్ పంపు. పంపు పనిచేయకపోతే రేడియేటర్ కొత్తదైనా, కూలెంట్ నిండుగా ఉన్నా లాభం లేదు. ఇంజన్ కొద్ది నిమిషాల్లోనే మరిగిపోతుంది. అలాగే నడిపితే సిలిండర్ హెడ్ వంగిపోయి, దాని కింద అతుకు కారకుండా ఉంచే హెడ్ గ్యాస్కెట్ పోయి, చిన్న రిపేరు కాస్తా ఇంజన్ విప్పే పని అవుతుంది. అయితే పంపు ఉన్నట్టుండి పాడవడం అరుదు. చాలావరకు ముందే గుర్తులు కనిపిస్తాయి.

పోయింది పంపేనా?

ఇంజన్ వేడెక్కగానే పంపు మార్చేయకండి. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక రేడియేటర్‌కి కూలెంట్ దారి తెరిచే వాల్వు) మూసుకుపోయి ఇరుక్కున్నా, రేడియేటర్ లోపల మట్టి పేరుకున్నా, ఫ్యాన్ తిరగకపోయినా ఇదే జరుగుతుంది. పంపుదే తప్పు అని తేల్చుకోవడానికి మూడు చోట్ల చూడాలి.

మొదటిది పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం. పంపు షాఫ్ట్‌కి, అంటే ఇరుసుకి, ఒక పక్క కూలెంట్, ఇంకో పక్క బేరింగ్, మధ్యలో సీల్ ఉంటాయి. సీల్ అరిగినప్పుడు కూలెంట్ బేరింగ్‌లోకి పోకుండా బయటికి కారిపోవాలనే ఆ రంధ్రం పెడతారు. అక్కడ చుక్కలు పడుతున్నా, ఎండిన కూలెంట్ చారలు రంగురంగుగా పేరుకున్నా సీల్ పని అయిపోయినట్టే. దాన్ని ఎం-సీల్ లాంటివాటితో మూసేసి కారు నడిపేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికి దారి లేని కూలెంట్ బేరింగ్‌లోకి చేరి గ్రీజును కడిగేస్తుంది.

రెండోది పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం. ఇంజన్ ఆపి, చల్లారాక పుల్లీని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. ఏమాత్రం ఆడినా బేరింగ్ పోయింది. మూడోది శబ్దం. బెల్టు తీసేసి పుల్లీని చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

విప్పే ముందు ఒక ప్రశ్న

మీ కారులో పంపును తిప్పేది బయటి బెల్టా, టైమింగ్ బెల్టా (వాల్వులు, పిస్టన్ల కదలికను జత కలిపే పళ్ల బెల్టు)? సర్వీస్ మాన్యువల్ చూసి ఇది తెలుసుకోకుండా పానా పట్టుకోవద్దు. బయటి బెల్టు అయితే ఓపిక ఉన్న ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. టైమింగ్ బెల్టు అయితే అది ఒక్క పన్ను తప్పి కూర్చున్నా ఇంజన్ సరిగా నడవదు. ఎక్కువ తప్పితే కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అనుభవం లేకపోతే ఆ పని మెకానిక్‌కే వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. చేయించేటప్పుడు టైమింగ్ బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా కలిపి మార్పించండి.

ఇక్కడినుంచి చెప్పేది బయటి బెల్టుతో తిరిగే పంపు గురించి. కొత్త పంపు, దాని గ్యాస్కెట్ లేదా ఓ-రింగ్ (అతుకులో పెట్టే రబ్బరు రింగు), మీ ఇంజన్‌కి చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, తుప్పు వదిలించే స్ప్రే, బిగువు కొలిచి బిగించే టార్క్ రెంచ్, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల, వెడల్పాటి ట్రే కావాలి. థర్మోస్టాట్, బెల్టు, హోస్ పైపులు పాతబడి ఉంటే అవీ తెచ్చిపెట్టుకోండి. వాటికోసం మళ్లీ ఇదంతా విప్పడం ఎందుకు?

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి, ఇందులో రాజీ లేదు. వేడిమీద రేడియేటర్ మూత తీస్తే మరిగే కూలెంట్ మొహాన చిమ్ముతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీయండి. కారు కిందికి వెళ్లాల్సి వస్తే జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, స్టాండులు పెట్టండి.

ట్రే పెట్టి, రేడియేటర్ అడుగు ప్లగ్ విప్పి కూలెంట్ దించండి. ప్లగ్ లేకపోతే కింది హోస్ ఊడదీయండి. చాలా కూలెంట్లలో ఉండే ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కానీ అది విషం. పిల్లలు, కుక్కలు, పిల్లులు దాని దగ్గరికి రాకుండా చూడండి. కాలువలో పోయకుండా మూత ఉన్న డబ్బాలోకి ఎత్తిపెట్టండి.

బెల్టు తీయకముందే పుల్లీ బోల్టులు వదులు చేయండి. బెల్టు బిగువే పుల్లీని తిరగకుండా పట్టి ఉంచుతుంది. బెల్టు తీశాక వదులు చేయబోతే పుల్లీ కూడా తిరుగుతూ విసిగిస్తుంది. తర్వాత బెల్టు, అడ్డొచ్చే ఫ్యాన్, పుల్లీ, హోస్‌లు వరసగా తీయండి.

ఇప్పుడు పంపు బోల్టులు. పాత కార్లలో ఇవి తుప్పుతో అతుక్కుపోయి ఉంటాయి. ముందే స్ప్రే కొట్టి కాసేపు నానబెట్టండి. మొరాయిస్తే బలం పెంచకుండా కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ స్ప్రే కొట్టండి. బ్లాకులో బోల్టు తల తెగితే పంపు మార్చడం కంటే ఆ ముక్క తీయడమే పెద్ద పని అవుతుంది. బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. ఒక అట్టముక్క మీద పంపు బొమ్మ గీసి, ఏ బోల్టుని ఆ చోటే గుచ్చిపెట్టండి. బోల్టులన్నీ వచ్చినా పంపు కదలకపోతే రబ్బరు సుత్తితో తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే అల్యూమినియం మీద గీత పడి అక్కడే లీకు మొదలవుతుంది.

అతుకు శుభ్రం చేయడం

కొత్త పంపు వారానికే కారుతోందంటే చాలాసార్లు తప్పు పంపుది కాదు, అది కూర్చున్న చోటిది. పాత గ్యాస్కెట్ ముక్క గోరంత మిగిలినా పంపు సమంగా కూర్చోదు. ఇంజన్ రంధ్రంలో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ బిళ్లతో మొత్తం గీకేయండి. వేలితో తడిమితే అద్దంలా నున్నగా తగలాలి. బోల్టు మరలు కూడా వైర్ బ్రష్‌తో రుద్దండి. అయ్యాక గుడ్డ తీయడం మరవకండి.

పాత పంపునీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. బోల్టు రంధ్రాలు, షాఫ్ట్ ఎత్తు, ఇంపెల్లర్ (కూలెంట్‌ని తోసే చక్రం) రెక్కల వంపు ఒకేలా ఉండాలి. వ్యతిరేక దిశలో తిరిగే పంపులు కూడా ఉంటాయి. అవి చక్కగా బిగుస్తాయి కానీ కూలెంట్‌ని సరిగా తిప్పవు.

బిగించడం

ఓ-రింగ్ అయితే కాస్త కూలెంట్‌తో తడిపి పెట్టండి, సీలెంట్ (కారకుండా పూసే జిగురు) వద్దు. కాగితపు గ్యాస్కెట్‌కి మాన్యువల్ చెబితేనే పల్చగా సీలెంట్ రాయండి. ఎక్కువ రాస్తే లోపలికి ఊడిపడి రేడియేటర్ గొట్టాల్లో అడ్డం పడుతుంది. ఇంజన్ నీటి దారిలోకి వెళ్లే బోల్టుల మరలకు మాత్రం సీలెంట్ కావాలి.

బోల్టులన్నీ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించండి. బిగువు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. మామూలుగా 6 మి.మీ. లావు బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల దగ్గర, 8 మి.మీ. దానికి 20 నుంచి 25 దాకా. పొడుగు పానాతో అంచనాగా బిగిస్తే అల్యూమినియం మరలు ఊడొస్తాయి. పుల్లీ, హోస్‌లు, బెల్టు ఎక్కించండి. చేత్తో బిగువు పెట్టే పాత వి-బెల్టు అయితే రెండు పుల్లీల మధ్య బొటనవేలితో నొక్కినప్పుడు సుమారు 10 మి.మీ. దిగాలి. మరీ బిగిస్తే కొత్త బేరింగ్ కూడా త్వరగా పోతుంది.

నింపి, గాలి తీయడం

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి. కలిపి అమ్మే కూలెంట్ అయితే నీళ్లు అక్కర్లేదు. హీటర్‌ని పూర్తి వేడికి తిప్పి, మెల్లగా పోయండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగలు లేని ధార రాగానే బిగించండి. బ్యాటరీ వైరు కలిపి, రేడియేటర్ మూత తీసే ఉంచి స్టార్ట్ చేయండి. బుడగలు వచ్చి మట్టం దిగినకొద్దీ పోస్తూ ఉండండి. పై హోస్ వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకుంది, మామూలుగా 82 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. మట్టం పైకి పొంగేలా ఉంటే ముందే మూత పెట్టేయండి. హీటర్ నుంచి చల్లగాలి వస్తుంటే, లేదా ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ ఆగే చోటు దాటితే గాలి ఇంకా ఉన్నట్టే. ఇంజన్ ఆపి, చల్లారాక మళ్లీ నింపండి.

దగ్గర్లోనే ఒక చుట్టు తిరిగొచ్చి, టార్చి వేసి పంపు చుట్టూ చూడండి. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీస్తే మట్టం కొంచెం దిగి ఉండొచ్చు, నింపండి. కొత్త బెల్టు కాస్త సాగుతుంది కాబట్టి వారం తర్వాత దాని బిగువు మరోసారి చూడండి. అప్పటికీ మట్టం దిగుతూనే ఉంటే ముందు హోస్ క్లిప్పులు, తర్వాత పంపు అతుకు, చివరికి రేడియేటర్ మూత రబ్బరు చూడండి.