బరువు తగ్గించే శస్త్రచికిత్స తర్వాత తిండితోనూ అద్దంతోనూ సర్దుకోవడం ఎలా

బరువు తగ్గించే శస్త్రచికిత్స అయినవారికి ఆసుపత్రిలో ఇచ్చే సూచనలను నిదానంగా చదివితే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. ప్రతి ముద్దనూ మెత్తగా నమలండి, కొలిచి తినండి, తిన్నది రాసుకోండి, ఫలానా పదార్థాల జోలికి పోకండి అని అవి చెబుతాయి. ఇవే పనులను శస్త్రచికిత్స కాని మనిషి ఇంత పట్టుదలగా చేస్తుంటే ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. అందుకే ఇక్కడ తిండి వ్యవహారం గాడి తప్పినా చాలాకాలం ఎవరి కంటా పడదు. పైపెచ్చు ఎంత క్రమశిక్షణ అన్న మెచ్చుకోలు కూడా దక్కుతుంది. కాబట్టి ఏం చేస్తున్నామన్నదానికంటే ఎందుకు చేస్తున్నామన్నది గమనించుకోవడం నేర్చుకోవాలి.

ముందుగా, పొట్ట తనంతట తాను పెట్టే హద్దులేమిటో తెలుసుకోండి. ఈ శస్త్రచికిత్సల్లో ఒకటైన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తీసివేస్తారు. మరొకటైన బైపాస్‌లో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మిగిల్చి, దానిని చిన్నపేగుకు కలుపుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే తయారవుతుంది కనుక, ఆ భాగం పోయాక కొన్ని నెలలపాటు ఆకలే తెలియకపోవచ్చు. గబగబా తింటే రొమ్ము మధ్యలో పట్టేసినట్టవుతుంది, నోట్లో నీళ్లూరతాయి, తిన్నది పైకి వస్తుంది. ముఖ్యంగా బైపాస్ అయినవారు తీపి ఎక్కువగా తింటే అరగంటలోపే గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి వణుకు పుట్టవచ్చు. దీనిని డంపింగ్ అంటారు. ఇవన్నీ శరీరం పెట్టిన నియమాలు, వీటిని పాటించక తప్పదు.

మనసు పెట్టే నియమాలను వీటినుంచి వేరు చేయడానికి రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకం వాడండి. కేలరీలు రాయవద్దు. తిన్న సమయం, తిన్న పదార్థం, ఎందుకు ఆపారు లేదా ఎందుకు మానేశారు అన్న మూడు సంగతులు చాలు. 'నిండినట్టనిపించింది', 'మింగుడు పడలేదు' అని రాసినచోట మాట్లాడింది శరీరం. 'రేపు పొద్దున తూకం చూసుకోవాలి', 'నిన్న ఒక ముద్ద ఎక్కువైంది', 'ఎవరో నా పళ్లెంలోకి చూశారు' అని రాసినచోట మాట్లాడింది భయం. రెండోరకం వాక్యాలు రోజూ కనిపిస్తుంటే విషయం తూకంతో తేలేది కాదని అర్థం.

భయంవల్ల మానేసిన పదార్థాన్ని, వైద్యులు అనుమతించినదైతేనే, ఒక్కొక్కటిగా తిరిగి తెచ్చుకోవాలి. తొందరపని లేని రోజున, కూర్చుని, కొత్తది మరేదీ కలపకుండా, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టండి. పడకపోతే కొన్ని వారాలు ఆగి మళ్లీ ప్రయత్నించండి. ఒకసారి వాంతి అయినంతమాత్రాన ఆ పదార్థాన్ని జీవితాంతం వెలివేయనక్కరలేదు. ఇక్కడ ఒక జారుడు మెట్టు ఉంది. మొదట్లో ఇరుక్కుపోయి దానంతటదే వచ్చిన వాంతి హాయినివ్వడంతో, తర్వాత కావాలని తెప్పించుకోవడం, నమిలి ఉమ్మేయడం మొదలవుతాయి. కావాలని చేసినది ఒక్కసారే అయినా దాచకుండా వైద్యులకు చెప్పాలి.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున మరొక ఇబ్బంది ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ తినలేరు కాబట్టి కొందరు రోజంతా కొంచెం కొంచెంగా తింటూనే ఉంటారు. పరిమాణం చిన్నదే అయినా, ఆపుకోలేకపోతున్నానన్న బాధ ఉంటే అది తేలిగ్గా తీసుకోవలసినది కాదు. దీనికి విరుగుడుగా ఒక పూట మానేస్తే మరుసటి పూట పట్టు మరింత తప్పుతుంది. వేళకు తినడం, ముందుగా మాంసకృత్తులున్న పదార్థంతో మొదలుపెట్టడం (సాధారణంగా రోజుకు 60 నుంచి 80 గ్రాములు సూచిస్తారు), తిన్నాక అరగంటవరకు నీళ్లు తాగకపోవడం మేలు చేస్తాయి. తిండి స్థానంలోకి మద్యం వచ్చి చేరకుండా కూడా చూసుకోవాలి; ఈ శస్త్రచికిత్సల తర్వాత అది త్వరగా, గట్టిగా తలకెక్కుతుంది.

ఇక అద్దం సంగతి. శరీరం నెలల్లో మారుతుంది, దాని గురించి మెదడులో ఉన్న కొలత అంత త్వరగా మారదు. దారి సరిపడా ఉన్నా పక్కకు తిరిగి నడవడం, బట్టల దుకాణంలో చేయి పాత సైజు వైపే పోవడం చాలామందికి అనుభవమే. ఇది దానంతటదే సర్దుకోవడానికి సాయపడాలంటే ఒంటికి ఇప్పుడు సరిపోయే బట్టలు రెండు మూడైనా కొనుక్కోండి, నెలకొకసారి ఒకే దుస్తులతో ఫొటో తీసుకుని పక్కపక్కన పెట్టి చూడండి, తూకం వారానికొకసారికి పరిమితం చేయండి. అద్దం ముందు తలనుంచి పాదాలవరకు కనిపించినదానిని కనిపించినట్టు పైకి చెప్పండి. 'పొట్టమీద చర్మం వదులుగా ఉంది' అనవచ్చు. 'అసహ్యంగా ఉంది' అనేది చూపు కాదు, తీర్పు.

వదులైన చర్మాన్ని వ్యాయామం పూర్తిగా బిగించలేదు. దానికి శస్త్రచికిత్స కావాలనుకుంటే బరువు నిలకడగా ఉండేవరకు, సాధారణంగా 12 నుంచి 18 నెలలు, ఆగమంటారు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలడం మామూలే, చాలామందికి అది తిరిగి వస్తుంది. మొదటి ఒకటి రెండేళ్ల తర్వాత కొంత బరువు పెరగడం కూడా మామూలే. దానిని ఓటమిగా లెక్కగట్టి తిండి మానేసేవారే ఎక్కువ ఇబ్బంది పడతారు.

పొగడ్తలు కూడా గుచ్చుకోవచ్చు. ఇన్నాళ్లూ నేను కనిపించలేదా అన్న కోపం రావడం సహజం. 'నా ఒంటి గురించి కాకుండా వేరే ఏదైనా మాట్లాడుకుందాం' అని నేరుగా అనేయండి. ఇంట్లోవాళ్లను నా పళ్లెం మీద వ్యాఖ్యానించవద్దని ముందే అడగండి.

తనిఖీకి వెళ్లినప్పుడు బరువు, రక్తపరీక్షల దగ్గరే మాట ముగిసిపోతుంది కనుక తిండి భయం సంగతి మీరే ఎత్తాలి. 'బరువు తగ్గుతోంది, కానీ తినాలంటే భయమేస్తోంది' అని చెప్పి నోటుపుస్తకం చూపండి. తిండి సమస్యల్లో అనుభవమున్న మానసిక నిపుణుల దగ్గరకు పంపమని అడగండి. వాంతులు కొన్ని రోజులుగా తగ్గకపోతే మాత్రం తదుపరి తనిఖీ వరకు ఆగవద్దు. థయమిన్ అనే బి1 విటమిన్ లోపించి నరాలకూ మెదడుకూ హాని కలగవచ్చు. చూపు మసకబారినా, నడక తూలినా, మాట తికమకపడినా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినా, ఆ క్షణమే అత్యవసర విభాగానికి వెళ్లండి, బరువు తగ్గించే శస్త్రచికిత్స అయిందని అక్కడ మొదటి మాటగా చెప్పండి.